కాపలా కంచం దగ్గర వద్దు

పోర్ట్‌బ్లెయిర్‌లో కాపురముంటున్న తెలుగు కుటుంబానికి ఏడాదికి ఎన్ని పండగలో ఎప్పుడైనా లెక్క వేశారా? సంక్రాంతికి మనింట్లో అరిసెలు, అదే రోజు పక్క వాటాలోని తమిళుల ఇంటి నుంచి చక్కెర పొంగలి. రంజాన్‌కి ఎదురింటి సేమ్యా. ఓణానికి మలయాళీల పాయసం. దసరా వచ్చిందంటే బెంగాలీ ఇళ్ల నుంచి సందేశ్, కొబ్బరి ఉండలు. డిసెంబరు చివర్లో రాంచీ వాళ్లింటి నుంచో నికోబారీల ఇంటి నుంచో కేకు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు నూటికి సుమారు పదమూడు మంది. మిగిలిన ఎనభై ఏడుగురి పండగలు కూడా ఏదో ఒక గిన్నెలో మన వంటింటికి వస్తూనే ఉంటాయి. ఆ గిన్నెను ఖాళీగా తిప్పి పంపలేం కనక మనమూ ఏదో ఒకటి చేసి పెడతాం. అలా ఇంకో పిండివంట.

ఇలాంటి చోట "రేపటి నుంచి మనింట్లో తీపి బంద్" అని ప్రకటిస్తే ఎన్నాళ్లు నిలుస్తుంది? మొదటి పండగ దాకా. ఆ తర్వాత నియమమూ పోతుంది, పిల్లల దగ్గర మీ మాటకున్న విలువా కాస్త తగ్గుతుంది. అలాగని చూసీచూడనట్టు వదిలేసే పరిస్థితి కూడా కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, అండమాన్ నికోబార్ పురుషుల్లో నూటికి నలభై మందికి పైగా, స్త్రీలలో మూడింట ఒక వంతుకు పైగా అధిక బరువుతోనో స్థూలకాయంతోనో ఉన్నారు. బంద్ పెట్టినా నిలవదు, వదిలేస్తే ఒళ్లు ఊరుకోదు. మరి దారేది? పండగ పిండివంటలను వాటి మానాన వదిలేసి రోజువారీ ప్యాకెట్ల సంగతి చూడండి. ఆ చూసేదేదో పిల్లవాడి కంచం దగ్గర కాకుండా, సరుకులు కొనే దుకాణంలో చూసుకోండి. ఈ అధ్యాయమంతా ఈ ఒక్క మాట గురించే.

ముందు ఉజ్జాయింపుగా ఒక లెక్క వేద్దాం. ఏడాదికి ఇరవై పండగ రోజులనుకోండి. రోజుకి నాలుగు అరిసెలు, మధ్యరకం అరిసె ఒక్కోటి 150 కేలరీలు వేసుకుంటే మొత్తం 12,000. ఇప్పుడు పండగ కాని రోజులు చూడండి. సాయంత్రం టీతో నాలుగు క్రీమ్ బిస్కెట్లు, ఒక్కోటి 50 కేలరీలు, అంటే రోజుకి 200. మిగిలిన 345 రోజులకు 69,000. పండగలన్నీ కలిపి తెచ్చినదానికి అయిదు రెట్లు దాటింది, అదీ ఒక్క టీ వేళకే. మధ్యాహ్నం కూల్‌డ్రింకు, బడి నుంచి వచ్చాక చిప్స్, రాత్రి చదువుకుంటూ నూడుల్స్ దీనిలో కలపలేదు. మామూలు కోలా 300 మిల్లీలీటర్ల సీసాలో సుమారు 30 గ్రాముల చక్కెర ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సూచన ప్రకారం మనం తినే శక్తిలో అదనపు చక్కెర వాటా 10 శాతం లోపే ఉండాలి, 5 శాతం లోపు ఉంటే మరీ మంచిది. రోజుకు 2,000 కేలరీలు తినే మనిషికి 5 శాతమంటే 25 గ్రాములు, సుమారు ఆరు చెంచాలు. ఒక్క సీసా ఆ హద్దు దాటేసింది. విచిత్రమేమిటంటే అరిసె తిన్న సంగతి అందరికీ గుర్తుంటుంది, "పండగకి బాగా తినేశాం" అని నాలుగు రోజులు అనుకుంటాం కూడా. మార్చి నెల మంగళవారం సాయంత్రం తిన్న నాలుగు బిస్కెట్లు ఎవరికి గుర్తుంటాయి? గుర్తుండని తిండిని తగ్గించుకుంటే పోగొట్టుకునే ఆనందం కూడా తక్కువే.

దీవుల్లో ఈ ప్యాకెట్టుకి మరో బలం ఉంది. చెన్నై, విశాఖ, కోల్‌కతా, ఏ రేవు నుంచి చూసినా మనకు మధ్య సుమారు 1,200 కిలోమీటర్ల సముద్రం. ఉల్లి, బంగాళదుంప, పప్పులు, గోధుమపిండి అన్నీ దాన్ని దాటి రావలసిందే. మే నుంచి డిసెంబరు దాకా వానలు, ఏడాది మొత్తమ్మీద సుమారు 3,000 మిల్లీమీటర్లు. పెరటి పాదులు కుళ్లిపోయేదీ, సముద్రం బాగాలేక ఓడ ఆలస్యమయ్యేదీ ఆ నెలల్లోనే. అప్పుడు అబెర్డీన్ బజారులో ముందు కరువయ్యేవి కూరగాయలు. బిస్కెట్ ప్యాకెట్టుకి ఆ బెంగ లేదు, ఆరు నెలలైనా అలమరలో అలాగే కూచుంటుంది. దుకాణదారుడూ చెడిపోని సరుకే ఎక్కువ తెప్పిస్తాడు, ఆయన తప్పేముంది? నికోబార్‌లో ఇది మరీ కఠినంగా కనిపించింది. 2004 డిసెంబరు 26 సునామీలో కొబ్బరి తోటలు, వాళ్ల ప్రధాన ఆహారమైన మొగలి జాతి పళ్ల చెట్లు కొట్టుకుపోయాక, సహాయ సామగ్రిగా దిగిన బియ్యం, చక్కెర, బిస్కెట్ల మీద ఇళ్లు చాలాకాలం గడిచాయి. అది వాళ్లు కోరి ఎంచుకున్న తిండి కాదు. చేతికి అందినది తిన్నారు. మనిషి ఏం తింటాడన్నది అతని మనోనిబ్బరం కంటే ఎక్కువగా ఇంట్లో ఏముందన్నదాని మీద ఆధారపడుతుంది. మన ప్రయత్నం అక్కడ మొదలు కావాలి.

1. నిర్ణయం దుకాణంలోనే తీసుకోండి

మనం మామూలుగా చేసేదేమిటి? నెల సరుకుల్లో పది ప్యాకెట్లు తెస్తాం, పై అరలో దాస్తాం, ఆ పైన నెలంతా కాపలా కాస్తాం. "ఇప్పుడొద్దు", "ఒక్కటే", "అన్నం తినకుండా ముట్టుకోవద్దు". రోజుకి పదిసార్లు ఈ గొడవ. దీనివల్ల జరిగేదేమిటో 1999లో అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో జెన్నిఫర్ ఫిషర్, లియాన్ బర్చ్ అనే ఇద్దరు పరిశోధకులు చిన్నపిల్లల మీద పరీక్షించి చూశారు. రుచిలో పెద్ద తేడా లేని రెండు చిరుతిళ్లలో ఒకదాన్ని ఎప్పుడైనా తినొచ్చన్నారు. రెండోదాన్ని డబ్బాలో ఎదురుగానే పెట్టి కాసేపే తినొచ్చన్నారు. పిల్లల చూపు, మాట, అడగడం అంతా ఆ రెండోదాని చుట్టూనే తిరిగింది. ఎదురుగా పెట్టి వద్దనడం దానికి రుచిని పెంచింది.

"ఎక్కడో అమెరికా శిశు కేంద్రంలో కొద్దిమంది పిల్లలతో చేసిన పరీక్ష మనకెలా సరిపోతుంది?" అంటారా? న్యాయమైన ప్రశ్నే. ఇవి చిన్న పరీక్షలు, వీటి మీదే భారం వేయక్కర్లేదు. 2006లో ఇంగ్లండులో జేన్ ఆగ్డెన్ బృందం మరో వైపు నుంచి చూసింది. తల్లిదండ్రుల అదుపును వాళ్లు రెండు రకాలుగా విడదీశారు: పిల్లలకు తెలిసేలా "ఇది తిను, అది వద్దు" అనడం ఒకటి, పిల్లలకు తెలియకుండానే ఆ వస్తువు ఇంటికి రాకుండా చూసుకోవడం రెండోది. రెండో పద్ధతి పాటించే ఇళ్లలో పిల్లలు చెత్త తిండి తక్కువ తింటున్నారని తేలింది. తెలిసేలా చెప్పే పద్ధతి ఉన్నచోట పళ్లలాంటి మంచి చిరుతిళ్లు ఎక్కువ తింటున్నారు. ఒకదానివల్లే రెండోది జరిగిందని ఈ సర్వే రుజువు చేయలేదు. అయినా రెండూ కలిపి చూస్తే ఆచరణకు పనికొచ్చే సూత్రం దొరుకుతుంది: వద్దనుకున్నది కొనకండి, కావాలనుకున్నది నోరారా చెప్పి పెట్టండి. తప్పయితే నష్టం కూడా ఏమీ లేదు, నెల సరుకుల చిట్టాలో రెండు వరసలు తగ్గుతాయి అంతే.

దుకాణంలో నిలబడి ప్యాకెట్టు వెనక్కి తిప్పడం అలవాటు చేసుకోండి. ముందువైపు బొమ్మలు, బలం, తెలివితేటలు అన్నీ ఉంటాయి. నిజం వెనకాల చిన్న అక్షరాల్లో ఉంటుంది. చక్కెర ఎన్ని గ్రాములో చూసి నాలుగుతో భాగిస్తే ఎన్ని చెంచాలో తేలుతుంది. పదార్థాల జాబితాలో మొదటి మూడింట్లో చక్కెరో మైదావో ఉంటే అది చిరుతిండే, దానిమీద ఏం రాసున్నా సరే. పాలలో కలిపే పొడుల విషయంలో మరీ జాగ్రత్త. ఆహార భద్రతా చట్టంలో "హెల్త్ డ్రింక్" అనే వర్గమే లేదని, అలాంటి పానీయాలను ఆ పేరు కింద అమ్మవద్దని 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ అమ్మకందార్లకు చెప్పవలసి వచ్చింది. ఈ లెక్క పిల్లలకే అప్పగించినా బాగుంటుంది. మన దీవుల బడులు సీబీఎస్‌ఈ కిందివే. 2025 మేలో ఆ బోర్డు తన బడులన్నిట్లో "షుగర్ బోర్డు" పెట్టమంది, ఏ తినుబండారంలో ఎంత చక్కెర ఉందో పిల్లలకు కనబడేలా. బడిలో చదివినది దుకాణంలో చేసి చూపించమంటే అయిదో తరగతి పిల్ల మీకంటే కచ్చితంగా పట్టుకుంటుంది.

2. రోజువారీ కంచాన్ని దీవిలో దొరికేవాటితో నింపండి

"ఆరోగ్యంగా తినమని అందరూ చెబుతారు, ఇక్కడ కూరగాయల ధరలు ఎవరికి తెలుసు?" ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కంచంలో సగం కూరగాయలు, పళ్లు ఉండాలంటుంది. కాలీఫ్లవర్, క్యారెట్, యాపిల్ అనుకుంటే దీవుల్లో మధ్యతరగతి ఇంటికి అది సాధ్యం కాదు. కానీ ఆ సగం అవే కావాలని ఎవరన్నారు? ఓడ మీద ఆధారపడనివాటిని లెక్కపెట్టండి. బచ్చలి, తూటికూర, మునగాకు వానల్లో కూడా బతుకుతాయి. బర్మా ధనియా పెరట్లో ఒకసారి పాతుకుంటే కొత్తిమీర కోసం బజారుకి పరుగెత్తక్కర్లేదు. గుమ్మడి, అరటికాయ, పచ్చి బొప్పాయి కూరకి, పండు బొప్పాయి, అరటి, అనాస, జామ పళ్లకి. గారాచర్మలోని కేంద్ర ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థ ఇలాంటి ఆకుకూరల మీదే పనిచేస్తోంది. పెరడు లేకపోతే రెండు పాత బకెట్లలో మట్టి పోసి బచ్చలి తీగ పాకించండి.

ఇక చేపలు. ఈ విషయంలో మెయిన్‌ల్యాండ్ వాళ్లు మనల్ని చూసి అసూయపడాలి. జంగ్లీఘాట్‌లో పొద్దున్నే దిగే కవళ్లు, కానాగంతలు, సూర పెద్ద ధర పెట్టక్కర్లేని మాంసకృత్తులు, గుండెకు మంచిచేసే కొవ్వులు. మన వంటింట్లో జరిగే పొరపాటు వేరే ఉంది: చేప అనగానే వేపుడు. నూనెలో మునిగితే మంచి చేప కూడా చిరుతిండి లెక్కలోకి పోతుంది. వారంలో మూడు రోజులు చేప వండితే రెండు రోజులు పులుసు, ఒక రోజు వేపుడు అనుకోండి. ఆ వేపుడు ఆదివారానికి పెట్టుకుంటే అదే ఆ వారం విందు. వానాకాలంలో ఎండు చేపల మీదకు పోతాం, అందులో ఉప్పు చాలా ఎక్కువ. పెద్దవాళ్లకు రోజుకి 5 గ్రాముల ఉప్పు మించకూడదన్నది హద్దు. నానబెట్టి, రెండుసార్లు కడిగి, కూరలో వేరే ఉప్పు వేయకుండా వండుకోండి. కొబ్బరి పుష్కలంగా ఉంది కదా అని ప్రతి కూరలో కాయకి కాయ కోరేయడం కూడా మంచిది కాదు. కొబ్బరి కొవ్వులో సంతృప్త కొవ్వే ఎక్కువ.

3. తీపికి వేళ పెట్టండి, షరతు పెట్టకండి

"బీరకాయ కూర తింటే చాక్లెట్ ఇస్తా." ఈ మాట అనని తల్లి ఉందా? పని జరుగుతుంది, ఆ పూటకి. కానీ పిల్లవాడు ఆ మాటలోంచి ఏం నేర్చుకుంటున్నాడో ఆలోచించండి. చాక్లెట్ బహుమానం, బీరకాయ శిక్ష. ఇంత లంచం ఇచ్చి తినిపించాల్సి వస్తోందంటే అది ఎంత చెడ్డదో! పైన చెప్పిన లియాన్ బర్చే 1980లో, మళ్లీ 1984లో ఈ రెండు వైపులూ పరీక్షించింది. బహుమానంగా ఇచ్చిన తిండి మీద పిల్లలకు ఇష్టం పెరిగింది, కొన్ని వారాల దాకా అలాగే ఉంది. బహుమానం ఆశ చూపి తాగించిన పానీయం మీద మాత్రం ఇష్టం తగ్గింది. అంటే ఒక్క షరతుతో మీరు అనుకున్నదానికి రెండు విధాలా ఎదురు పనిచేస్తున్నారు.

షరతు బదులు వేళ పెట్టండి. బుధవారం సాయంత్రం పకోడీ, ఆదివారం మధ్యాహ్నం పాయసం అని ఇంట్లో అందరికీ తెలిసిపోవాలి. బీరకాయ తిన్నా, తినకపోయినా ఆదివారం పాయసం వస్తుంది. వచ్చేదని తెలిసిన తీపి కోసం ఎవరూ మారాం చేయరు. పోషకాహార నిపుణురాలు ఎలిన్ సాటర్ 1980లలో చెప్పిన పనుల పంపకం దీనికి బాగా అతుకుతుంది: ఏం వండాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ కూచోవాలి అన్నది పెద్దల వంతు. పెట్టినదాంట్లో తినాలా వద్దా, ఎంత తినాలి అన్నది పిల్లల వంతు. మనిళ్లలో ఈ రెండూ తారుమారవుతుంటాయి. ఏం వండాలో ఏడేళ్లవాడు నిర్ణయిస్తాడు, ఎన్ని ముద్దలు తినాలో అమ్మ నిర్ణయిస్తుంది!

"వదిలేస్తే పాయసమే తిని కూర ముట్టడు" అంటారేమో. మొదటి రెండు మూడు వారాలు నిజంగానే అలా జరగొచ్చు. అందుకే పాయసం గిన్నె చిన్నది పెట్టండి, భోజనంతో పాటే పెట్టండి, మారు వడ్డన లేదని ముందే చెప్పండి. కొత్త కూర పిల్లల నాలుకకి అలవాటవడానికి పది పదిహేనుసార్లు కంచంలో కనబడాల్సి రావచ్చు. మూడోసారికే "మావాడికి బచ్చలి పడదు" అని తీర్పు చెప్పేయడం తొందరపాటు.

4. ఊరి నుంచి వచ్చిన డబ్బాని మూడు రోజుల్లో పంచేయండి

విశాఖ నుంచి ఎవరు దిగినా చేతిలో మాడుగుల హల్వా, తాపేశ్వరం కాజా, పూతరేకులు ఉంటాయి. ఇవి బిస్కెట్ల లెక్కలోకి రావు, ఏడాదికోసారి సముద్రం దాటి వచ్చేవి, తృప్తిగా తినాల్సినవి. చిక్కల్లా కిలో డబ్బా ఫ్రిజ్‌లో చేరి నెలంతా "కొంచెం కొంచెం"గా తరగడంలో ఉంది. విందు అలా రోజువారీ అయిపోతుంది. వచ్చిన రోజు అందరూ కూచుని కడుపారా తినండి. మర్నాడు బెంగాలీ వాళ్ల గిన్నె, మలయాళీల గిన్నె ఏవైనా మిగిలుంటే వాటిలో పెట్టి పంపండి, మిగిలింది ఆఫీసుకి పట్టుకెళ్లండి.

5. పెద్దవాళ్లతో పోరు పెట్టుకోకండి, పని అప్పజెప్పండి

మీరెంత పద్ధతి పెట్టినా నాయనమ్మ కొంగు ముడిలో చాక్లెట్ ఉంటుంది. "ఒక్కటే కదమ్మా, పోనీ, పసివాడు" అంటుంది. పిల్లల ఎదుట ఆవిణ్ణి కాదనడం కంటే పెద్ద పొరపాటు లేదు. ఆవిడకి కావలసింది మనవడికి తన చేత్తో ఏదో పెట్టుకోవడం. ఆ చేతికి ఇంకేదైనా ఇవ్వండి. "అత్తయ్యా, సాయంత్రం టిఫిను మీదే" అని సున్నుండలో, ఉలవగుగ్గిళ్లో, కొబ్బరి లౌజో ఆవిడకే వదిలేస్తే, ఆదివారం పాయసం కూడా ఆవిడ చేతి మీదుగానే వడ్డిస్తే, చాక్లెట్ అవసరం చాలావరకు తీరిపోతుంది. "బెల్లం కదా, ఎంత తిన్నా మంచిదే" అన్న వాదన ఆవిడ తప్పక తెస్తుంది. బెల్లంలో అత్యధిక భాగం చక్కెరే, చెంచాలు లెక్కపెట్టేటప్పుడు దాన్నీ కలపాల్సిందే.

ఇంట్లో తాతయ్యకి షుగర్ ఉంటే? ఆయన ముందు అందరూ తింటూ ఆయన్ని మాత్రం ఆపితే, డబ్బాలో పెట్టి వద్దన్న ఆ చిరుతిండి కథే ఆయనకూ జరుగుతుంది, చాటుగా తింటారు. ఎంత తినొచ్చో, ఆ పూట అన్నం ఎంత తగ్గించాలో డాక్టరుని ముందే అడిగి తెలుసుకోండి. ఆ కొద్దిపాటి పాయసం ఆయనకీ అందరితో పాటే, అదే గిన్నెలో పెట్టండి.

6. ఓడ ప్రయాణానికి ముందే లెక్క చూసుకోండి

వేసవి సెలవుల్లో విశాఖ ఓడ ఎక్కితే మూడు రోజులు. ఆ మూడు రోజుల్లో తినడం తప్ప పిల్లలకు వేరే పని ఉండదు. చాలామంది ఒక సంచీ నిండా ప్యాకెట్లు కొనేది ఆ ప్రయాణానికే. పులిహోర, ఉడికించిన గుడ్లు మొదటి పూటకి. అరటి గెల నుంచి కోసిన పచ్చి అత్తం ఒకటి పట్టుకెళ్తే రెండో రోజుకి పండుతుంది. వేయించిన వేరుశనగలు, మరమరాలు, అటుకుల మిక్చరు చివరిదాకా నిలుస్తాయి. ప్యాకెట్లు కూడా కొనండి, పిల్లకి రోజుకొక్కటి చొప్పున మూడు, ఏవి కావాలో దుకాణంలో వాళ్లనే ఏరుకోమనండి. సంచీ వాళ్లకే ఇచ్చేయండి. మొదటి రోజే మూడూ విప్పేస్తే విప్పనివ్వండి, మిగతా రెండు రోజులూ వేరుశనగలు ఉన్నాయిగా.